నీళ్ల ధార బాగానే ఉంది, ఇంజిన్ మాత్రం ఇరవై నిమిషాలకి ఆగిపోతోంది: ఒక పాత 15 హెచ్‌పీ ఔట్‌బోర్డ్ కేసు

విశాఖ పెద జాలారిపేట ఒడ్డున ఫైబర్ బోటు ఉన్న ఒక బాబాయ్ ఇంజిన్ ఇది, బోటు వెనక బయట తగిలించే రకం, దాన్నే ఔట్‌బోర్డ్ అంటాం. 2 స్ట్రోక్, 2 సిలిండర్, 15 హెచ్‌పీ, చేత్తో తాడు లాగి స్టార్ట్ చేసేది, వయసు ఇరవై ఏళ్లు దాటింది. మార్చి నెలాఖర్లో ఆటోలో వేసుకుని ఫిషింగ్ హార్బర్ దగ్గరున్న మా షెడ్డుకి తెచ్చాడు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం, ఆ లోపు దొరికిన నాలుగు రోజులూ వేటకెళ్లి నాలుగు డబ్బులు చూసుకోవాలి, అందుకే అందరూ ఆ టైంలో తొందర మీద ఉంటారు, ఈయన ఇంకా తొందర మీద ఉన్నాడు.

కంప్లైంట్ ఆయన మాటల్లోనే: "ఒడ్డున ఒక్క లాగుకే లేస్తాది బాబూ. కెరటం దాటేక కూడా బాగానే లాగతాది. ఇరవై నిమిషాలు పోనాక ఒక కాలు మీద కుంటినట్టు అయిపోయి ఆగిపోతాది. పావుగంట ఊరుకుంటే మళ్లీ లేస్తాది, మళ్లీ అంతే." అంతకుముందే వేరేచోట ప్లగ్గులు మార్పించాడు, కార్బరేటర్ రెండుసార్లు క్లీన్ చేయించాడు. ఇంజిన్‌ని చల్లబరచడానికి పంపు లాగే నీళ్లు వెనక ధారగా పడతాయి, అది ఎలా ఉందని అడిగితే చెయ్యి చాపి చూపించాడు, అంత జోరుగా వస్తోందట. సరే వేడెక్కడం కాదులే అని నేను అక్కడే మనసులో గీత గీసేసుకున్నాను. ఈ కేసులో నేను చేసిన మొదటి తప్పు అదే, ఎందుకు తప్పో కింద వస్తుంది.

డ్రమ్ములో నీళ్లు పోసి ఇంజిన్ దింపి నడిపాను. అరగంట నడిచింది, చిన్న దగ్గు కూడా లేదు. డ్రమ్ములో ఫుల్ థ్రాటిల్ ఇవ్వలేం, నీళ్లన్నీ బయటికి చిమ్మేస్తది, గాలి కలిసిపోతది, ప్రొపెల్లర్‌కి సరైన లోడు ఉండదు. అంటే సముద్రంలో ఇంజిన్ పడే కష్టంలో నాలుగో వంతు కూడా డ్రమ్ములో పడదు. ఇది నాకు తెలీక కాదు, తెలిసీ ఆ అరగంటని నమ్మాను.

ప్లగ్గులు తీస్తే కింద సిలిండర్‌ది మామూలు గోధుమ రంగు, కొంచెం నూనె తడి, పాత 2 స్ట్రోక్‌కి ఎలా ఉండాలో అలా ఉంది. పై సిలిండర్‌ది తెల్లగా, కడిగినట్టు శుభ్రంగా ఉంది. కంప్రెషన్, అంటే సిలిండర్ లోపల ఎంత ఒత్తిడి నిలబడుతోందో చూశాను, ప్లగ్గు వైర్లు రెండూ ఎర్త్ చేసి, థ్రాటిల్ పూర్తిగా తెరిచి, గేజ్ పెట్టి నాలుగైదు లాగులు. కింద 112, పైన 96 పీఎస్ఐ. తేడా పదిహేను శాతం దగ్గర. పాత ఇంజిన్ కదా, ఇంత తేడా ఉంటదిలే అనుకుని నోట్‌బుక్‌లో రాసి పేజీ తిప్పేశాను. తెల్ల ప్లగ్గుని చూసి పెట్రోల్ తక్కువ అందుతోంది, మిక్చర్ లీన్ అయిపోయింది అని తేల్చేశాను.

ఫ్యూయల్ సైడు విప్పితే నా అనుమానానికి తగ్గట్టే సరుకు దొరికింది, అదే నన్ను ఇంకా తప్పుదారి పట్టించింది. ఫ్యూయల్ పంపు డయాఫ్రం గట్టిపడి అప్పడంలా ఉంది, ట్యాంకు నుంచి వచ్చే పైపు లోపలి పొర ఉబ్బి ఊడుతోంది. ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోల్, పాత రబ్బరు పైపులకీ డయాఫ్రంలకీ అది పడదు, పైగా ఇథనాల్ తేమని లాగేసుకుంటది, తేమ ఎక్కువైతే నీళ్లూ ఇథనాలూ విడిపోయి ట్యాంకు అడుగుకి చేరతాయి. సముద్రం మీద తేమకి లోటేముంది. డయాఫ్రం, పైపు, పైపు మధ్యలో చేత్తో నొక్కి పెట్రోల్ ఎక్కించే రబ్బరు బల్బు అన్నీ మార్చి, ట్యాంకు ఖాళీ చేసి తుడిచి, డ్రమ్ములో ఇంకో గంట నడిపి ఇచ్చేశాను. ఆ పార్ట్‌లు ఎలాగూ మార్చాల్సినవే, అందులో అబద్ధం లేదు, కానీ ఆయన వచ్చింది వాటి కోసం కాదు.

నాలుగో రోజు పొద్దున్న ఫోను. బోటు ఆగిపోయింది, పక్క బోటు వాళ్లు తాడు కట్టి లాక్కొచ్చారు, వల సగం తీసి సగం కోసుకుని వచ్చారు. ఇంట్లో ఇద్దరు కుర్రాళ్లు ఆయనతో పాటే ఆ బోటులో ఉన్నారు. ఆ మాట విన్నాక నాకు ఆ రోజు అన్నం సహించలేదు. ఔట్‌బోర్డ్ అనేది బైక్ కాదు కదా, ఆగిపోతే రోడ్డు పక్కన నిలబెట్టడానికి, గాలి తిరిగిందంటే బోటు ఎటు పోతదో ఎవడికీ తెలీదు.

ఈసారి షెడ్డుకి తేవద్దన్నాను, నేనే వస్తానన్నాను. తెల్లారగట్ల ఒడ్డుకి వెళ్లాను. బ్యాగులో ఉన్నవి: దూరం నుంచి వేడి కొలిచే ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్, ప్లగ్గుకీ వైరుకీ మధ్యలో పెట్టే స్పార్క్ టెస్టర్లు రెండు, లోపల పెట్రోల్ కనపడే ట్రాన్స్‌పరెంట్ పైపు ఒక అడుగు, కంప్రెషన్ గేజ్, అయిదు లీటర్ల క్యాన్లో నేను కలిపి తెచ్చిన మంచి పెట్రోల్. ఒక చిన్న విషయం ఇక్కడే చెప్పాలి, మెరిసే అల్యూమినియం మీద ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ పెడితే అది అసలు వేడి కన్నా బాగా తక్కువ చూపిస్తది, అందుకని ముందు రోజు సాయంత్రమే సిలిండర్లకి మూతలా ఉండే హెడ్డు మీద ప్రతి సిలిండర్ దగ్గరా రూపాయి బిళ్లంత నల్ల మ్యాట్ పెయింట్ చుక్క వేయించాను. ఆ చుక్క మీద కొలిస్తేనే నంబర్‌ని నమ్మొచ్చు. తోడు బోటు ఒకటి కనుచూపు దూరంలో ఉండేలా మాట్లాడుకున్నాం, చెడిపోద్దని తెలిసి తెలిసి సముద్రంలోకి ఒంటరిగా పోకూడదు.

కెరటాలు దాటి, ఎడం పక్క కైలాసగిరి, కుడి పక్క డాల్ఫిన్స్ నోస్ రెండూ కనపడేంత దూరం పోయి అక్కడే తిరగడం మొదలుపెట్టాం, ముప్పావు థ్రాటిల్, తర్వాత ఫుల్. రెండేసి నిమిషాలకి ఒకసారి కొలిచి రాస్తున్నాను. పది నిమిషాలకి కింద 58 డిగ్రీలు, పైన 71. పదిహేనుకి కింద 61, పైన 88. పద్దెనిమిదో నిమిషంలో శబ్దం మారింది, బాబాయ్ చెప్పినట్టే కుంటడం మొదలైంది. బల్బు గట్టిగా నొక్కాను, మార్పు లేదు. పెట్రోల్ తక్కువై పడిపోతుంటే బల్బు నొక్కగానే ఒక్క క్షణమైనా లేవాలి. ట్రాన్స్‌పరెంట్ పైపులో బుడగ లేదు. క్యాను మార్చాను, అదీ మార్పు లేదు. స్పార్క్ టెస్టర్లు రెండూ ఆగకుండా వెలుగుతున్నాయి. నీళ్ల ధార వెనక నుంచి కుర్రాడు చెయ్యి పెట్టి చూసి "సల్లగానే ఉంది" అంటున్నాడు. థర్మామీటర్ పై సిలిండర్ మీద పెడితే 107. కింద 64. ఆపేశాం.

వెంటనే ప్లగ్గులు విప్పి వేడి మీదే కంప్రెషన్ తీశాను. చేతికి గుడ్డ చుట్టుకుని చేసే పని ఇది, కాలుతుంది. కింద 108. పైన 58.

అప్పటికి కథ నాకు సగం అర్థమైంది. పెట్రోల్ కాదు, కరెంటు కాదు, పై సిలిండర్ ఒక్కటే వేడెక్కి కంప్రెషన్ వదిలేస్తోంది, చల్లారితే మళ్లీ మూసుకుంటోంది. అంటే పైన హెడ్డుకీ సిలిండర్‌కీ మధ్య సందు మూసే హెడ్ గ్యాస్కెట్ కాలింది, వేడికి హెడ్డు సాగినప్పుడు సందు తెరుచుకుంటోంది. ప్లగ్గు తెల్లగా ఉండటం లీన్ మిక్చర్ వల్ల కాదు, ఆ సందులోంచి కొద్దికొద్దిగా నీళ్లు సిలిండర్లోకి చేరి ఆవిరై ప్లగ్గుని కడిగేస్తున్నాయి. నేను షెడ్డులో రెండూ ఒకే టేబుల్ మీద చూశాను, తెల్ల ప్లగ్గూ 96 నంబరూ, రెండూ ఒకే సిలిండర్‌వి, అయినా కలిపి చదవలేదు. కానీ ఇంకో ప్రశ్న మిగిలిపోయింది, నీళ్లు అంత బాగా వస్తుంటే పై సిలిండర్ ఎందుకు కాలుతోంది? గ్యాస్కెట్ ఊరికే కాలదు, దాన్ని కాల్చింది ఏదో ఉండాలి, అది తియ్యకుండా కొత్త గ్యాస్కెట్ వేస్తే నెలకి మళ్లీ ఇదే కథ.

ఒడ్డుకొచ్చి టీ తాగుతూ మళ్లీ మొదట్నుంచి అడిగాను, ఈ ఇంజిన్ మీద ఇప్పటిదాకా ఎవరు ఏం చేశారు అని. అప్పుడు వచ్చింది అసలు మాట. "రెండేళ్ల కిందట పంపు రబ్బరు ఇరిగిపోతే మార్పించాను కదా." ఏం విరిగింది బాబాయ్ అంటే, రెక్కలు రెండు లేవట. ఆ రెక్కలు దొరికాయా? "అవేటికి బాబూ, కొత్తది ఏసేసేరు కదా."

ఇంపెల్లర్ అంటే గేరుబాక్సు పైన ఉండే రబ్బరు చక్రం, సముద్రపు నీళ్లని పైకి తోసేది అదే. దాని రెక్క విరిగితే ఆ ముక్క ఎక్కడికీ పోదు, నీళ్లతో పాటే పైకి వెళ్తుంది, ఎక్కడ దారి సన్నబడితే అక్కడ ఇరుక్కుంటుంది. కొత్త ఇంపెల్లర్ వేస్తే నీళ్ల ధార మళ్లీ జోరుగా వస్తది, అందరూ బాగైపోయింది అనుకుంటారు. ఈ మోడల్లో వెనక పడే ఆ ధార హెడ్డు చుట్టూ తిరిగొచ్చిన నీళ్లు కాదు, హెడ్డుకి వెళ్లకముందే మధ్యలో చీలి బయటికొచ్చేవి. కాబట్టి ధార బాగుందంటే పంపు బాగుందని మాత్రమే అర్థం, ఇంజిన్ చల్లగా ఉందని కాదు. ధార చల్లగా తగిలినా దాన్ని నమ్మకూడదు.

ఇంజిన్ షెడ్డుకి తెచ్చి విప్పడం మొదలుపెట్టాం. ఉప్పు పట్టిన బోల్టులు ఒక పట్టాన రావు, ఇందులో తొందరపడితే బోల్టు తల ఊడి చేతికొస్తది. రాత్రంతా తుప్పు వదిలే నూనె పోసి ఉంచి, పొద్దున్న బోల్టు చుట్టూ అల్యూమినియాన్ని టార్చితో వేడి చేసి, ముందు కొంచెం బిగించి తర్వాత వదిలించి, మళ్లీ బిగించి, అలా కదుపుతూ తీశాం. అంతా చేసినా ఎగ్జాస్ట్ కవర్ బోల్టు ఒకటి విరిగింది. దాన్ని మధ్యకి పంచ్ కొట్టి, సన్న డ్రిల్లుతో మొదలుపెట్టి తొలిచి, కొత్త మర ఇన్సర్ట్ వేశాం, దానికే ఒక పూట పోయింది.

ఎగ్జాస్ట్ కవర్ తీశాక చూస్తే పై సిలిండర్ వైపు నీళ్లు వెళ్లే సన్న దారిలో చిటికెన వేలి గోరంత నల్ల రబ్బరు ముక్క అడ్డంగా కూర్చుని ఉంది, దాని వెనక ఇసకా ఉప్పూ కలిసి సిమెంటులా గట్టిపడిపోయాయి. బాబాయ్ చేతిలో పెట్టాను. చాలాసేపు దాన్నే చూశాడు. రెండో ముక్క ఇంకా దొరకలేదు, అది థర్మోస్టాట్, అంటే వేడెక్కితే తెరుచుకుని నీళ్లని వదిలే వాల్వు, దాని దగ్గర ఉంటదేమో అని తెరిస్తే నిజంగానే అక్కడ ఉంది, వాల్వు సగం తెరుచుకున్న చోట దూరి దాన్ని అలాగే పట్టేసింది. ఆ థర్మోస్టాట్‌ని గిన్నెలో నీళ్లు పోసి పొయ్యి మీద పెట్టి థర్మామీటర్‌తో చూశాను. మంచిదైతే 50 నుంచి 60 డిగ్రీల మధ్య కళ్లముందే తెరుచుకుంటది, ఇది నీళ్లు మరుగుతున్నా కదల్లేదు. ఇంట్లో ఎవరైనా చేసుకోగల టెస్ట్ ఇది, అయిదు నిమిషాల పని.

పై సిలిండర్ అంచున గ్యాస్కెట్ మీద అగ్గిపుల్ల మందాన నల్లగా కాలిన గీత, సిలిండర్ నుంచి నీళ్ల దారి దాకా. అనుకున్నదే.

పిస్టన్ సంగతి నాకు భయంగా ఉండింది. ఎగ్జాస్ట్ పోర్టుల్లోంచి టార్చి వేసి చూస్తే పై పిస్టన్ పక్కన సన్న గీతలు ఉన్నాయి గానీ అల్యూమినియం అంటుకుపోయిన మరకలు లేవు. రింగుల్ని అదే పోర్టులోంచి చెక్క పుల్లతో మెల్లగా నొక్కి చూశాను, లోపలికి వెళ్లి స్ప్రింగులా తిరిగొస్తున్నాయి, కార్బన్‌కి పట్టెయ్యలేదు. ఇంకొన్ని ట్రిప్పులు అలాగే తిప్పి ఉంటే పిస్టన్ పట్టేసేది, అప్పుడు క్రాంక్‌కేస్ చీల్చాలి, ఆ ఖర్చుకి ఆయన ఇంజిన్ మూలన పడేసేవాడే.

నీళ్ల దారులు కడగడం గురించి కొంచెం గట్టిగా చెప్పాలి. బాత్రూం క్లీనర్ పోస్తే ఉప్పు క్షణాల్లో పోద్దని చాలామంది చెప్తారు. అందులో ఉండేది హైడ్రోక్లోరిక్ యాసిడ్, అల్యూమినియాన్ని కూడా తినేస్తది, గ్యాస్కెట్ కూర్చునే నున్నటి అంచు గుంటలు పడితే ఇక బ్లాకు పనికిరాదు. నేను వంటల్లో వాడే తెల్ల వెనిగర్ గోరువెచ్చగా చేసి నానబెట్టాను, నాలుగు గంటలు, మధ్యలో ప్లాస్టిక్ పుల్లతో గీకడం, మళ్లీ కొత్త వెనిగర్, చివర్లో మంచినీళ్లతో బాగా కడగడం. ఆలస్యమే, కానీ పొడిపొడిగా రాలింది. అరచేతి నిండా వచ్చింది ఇసక ఉప్పు కలిపి.

హెడ్డు మందపాటి గాజు పలక మీద పెట్టి ఫీలర్ గేజ్‌తో చూస్తే పై సిలిండర్ దగ్గర 0.1 మిల్లీమీటర్ రేకు సులువుగా దూరింది, వంగింది. గాజు మీద 400 నంబర్ ఎమరీ పేపర్ పరిచి, కొంచెం నూనెతో, ఎనిమిది అంకె ఆకారంలో ఓపిగ్గా రుద్దాం, అంతటా ఒకే రంగు వచ్చేదాకా. కొత్త గ్యాస్కెట్ మీద సిలికాన్ ఏమీ పుయ్యలేదు. కొంతమంది మనశ్శాంతి కోసం పూస్తారు, అది పిండుకుని లోపలికి వెళ్లి ఇంకో రబ్బరు ముక్క పని చేస్తది. బోల్టులు మధ్య నుంచి బయటికి, రెండు విడతల్లో, టార్క్ రెంచితో, మాన్యువల్లో ఉన్న లెక్కకే. కొత్త థర్మోస్టాట్, కొత్త ఇంపెల్లర్, దాని కింద ఉండే స్టీల్ ప్లేటు కూడా, ఎందుకంటే పాతదాని మీద ఇసక గీసిన గాడి గోరుకి తగులుతోంది, గాడి ఉన్న ప్లేటు మీద కొత్త ఇంపెల్లర్ వేసినా ఒత్తిడి పూర్తిగా రాదు.

పనిలో పనిగా రెండు చూశాం. గేరు ఆయిల్ కొంచెం మజ్జిగ రంగులో ఉంది, నీళ్లు చేరాయి. ప్రొపెల్లర్ తీస్తే షాఫ్టుకి తంగూసు చుట్టుకుని సీలుని కోసేసింది, సీలు మార్చాం, డ్రెయిన్ స్క్రూల వాషర్లు కూడా. ఇంకోటి, కింద ఉండే జింక్ ముక్కకి నీలం పెయింట్ వేసి ఉంది. గంగమ్మ పండక్కి బోటుకి రంగులేస్తూ ప్రేమగా ఇంజిన్‌కి కూడా వేశారు. ఆ జింక్ తనే అరిగిపోతూ ఇంజిన్ అల్యూమినియాన్ని కాపాడుతుంది, నీళ్లు తగిలితేనే ఆ పని చేస్తది, పెయింట్ వేస్తే అది ఉన్నా లేనట్టే. గీకి తెల్లగా చేశాం. దయచేసి దానికి రంగు వెయ్యకండి.

ఆయిల్ గురించి కూడా అడిగాను. ఆటోలకి పోసే 2టీ ఆయిల్ కలుపుతున్నాడు. అది గాలితో చల్లబడే ఇంజిన్ల కోసం చేసిన సరుకు, ఔట్‌బోర్డ్‌కి డబ్బా మీద టీసీ-డబ్ల్యూ3 అని ఉన్నదే పొయ్యాలి, అందులో బూడిద మిగిల్చే మందులు ఉండవు, ప్లగ్గులూ రింగులూ పట్టెయ్యవు. ఆయన ఇంజిన్‌కి 50కి 1, అంటే 25 లీటర్ల ట్యాంకుకి అర లీటరు. ఇంకాస్త ఎక్కువ పోస్తే మంచిదేమో అని గ్లాసు ఎక్కువ పోస్తుంటారు, అది కార్బన్ తప్ప ఇంకేం ఇవ్వదు.

ఏప్రిల్ 12న, నిషేధానికి మూడు రోజుల ముందు, మళ్లీ అదే చోటుకి వెళ్లాం. చల్లగా ఉన్నప్పుడు కంప్రెషన్ పైన 109, కింద 112. ఫుల్ థ్రాటిల్‌లో ఇరవై నిమిషాలకి పైన 63 డిగ్రీలు, కింద 60. నలభైకి కూడా అంతే. గంట నడిపాం. బాబాయ్ ఏం మాట్లాడలేదు, ఆ గంటంతా నా చేతిలో థర్మామీటర్ వైపే చూస్తూ కూర్చున్నాడు. వేడి మీద కంప్రెషన్ పైన 106. ఒడ్డుకి రాగానే మొదటిసారి తీసుకున్న లేబర్ చార్జీ వెనక్కిచ్చేశాను, వద్దన్నాడు, జేబులో పెట్టేశాను.

నిషేధంలో ఇంజిన్ ఎలా పడుకోబెట్టాలో కూడా దగ్గరుండి చేయించాను, ఎందుకంటే ఉప్పు నీళ్లు లోపలే ఎండితే ఆ రెండు నెలల్లోనే రాయి అయిపోతుంది. డ్రమ్ములో మంచినీళ్లు పోసి పావుగంట నడపాలి. రెండు నిమిషాలు నడిపి ఆపేస్తే థర్మోస్టాట్ తెరుచుకోదు, హెడ్డులో ఉప్పు అలాగే ఉంటది, హెడ్డు వెచ్చబడి నీళ్లు లోపల తిరిగితేనే కడిగినట్టు. తర్వాత పెట్రోల్ పైపు పీకేసి ఇంజిన్ తనంతట తను ఆగేదాకా నడిపితే కార్బరేటర్ ఎండిపోతుంది. ప్లగ్గులు తీసి ఒక్కో సిలిండర్లో రెండు చెంచాల 2 స్ట్రోక్ ఆయిల్ పోసి, కిల్ స్విచ్ తాడు తీసేసి, మెల్లగా నాలుగుసార్లు లాగాలి. ఇంజిన్‌ని నిలువుగా స్టాండు మీద పెట్టాలి, పడుకోబెడితే లోపల నీళ్లు కారిపోవు. ట్యాంకులో మిగిలిన పెట్రోల్ వాడేసుకోవాలి, రెండు నెలలు ఉంచొద్దు. వేట రోజుల్లో రోజూ డ్రమ్ము పెట్టుకోవడం కుదరదంటారు, నిజమే, కనీసం వారానికి ఒక్కసారైనా. ఇంపెల్లర్ ఏడాదికోసారి, బాగున్నా సరే, ఒడ్డుకి లాగే బోటుకి ఇసక తప్పదు.

ఆ రెండు రబ్బరు ముక్కలూ షెడ్డులో ఒక చిన్న సీసాలో పెట్టాను. మే నెలలో మంగమారిపేట నుంచి ఒక ఇంజిన్ వచ్చింది, ఇంపెల్లర్ ఆరు రెక్కల్లో మూడు లేవు. మా కుర్రాడు రెండు ముక్కలు తీసి పంపు మూసెయ్యబోతున్నాడు. ఇంకోటేది రా అన్నాను. సాయంత్రం దాకా వెతికితే పైకి వెళ్లే రాగి గొట్టం పై చివర దొరికింది. అప్పుడు పంపు బిగించాం.